పరాయి పొయ్యి, పంతొమ్మిదో మనిషి

శోణపురం కోట మెట్లు నూటొక్కటి. నూటొక్కటీ చంద్రకాంత శిలలే. మెట్టు మెట్టుకూ ఇరువైపులా పాలరాతి సింహాలు, సింహాల నోళ్లలో పగడపు దీపాలు, దీపాల మీద బంగారు గొడుగులు, గొడుగుల అంచున ముత్యాల జాలరులు. ఎక్కేవాడి కాళ్లు పీకితే కూలబడడానికి మాత్రం ఒక్క అరుగు లేదు. రాజుల కట్టడాలు ఎక్కడైనా ఇంతే.

ఆ మెట్లు రెండేసి చొప్పున దూకుతూ ఎక్కుతోంది నూకాలు. భైరవి నది నడుమ ఉన్న నడిలంక ఆమె ఊరు, అదే ఆమె దేశం. పడవ నడపడం ఆమె పని. కుడి భుజం మీద నీలం కండువా, చంకలో మడతపెట్టిన పసుపు కండువా. నీలం తన దేశానిది. పసుపు పరాయి దేశానిది. ఆ రెండు గుడ్డముక్కల మీదే పద్దెనిమిది ప్రాణాలు వేలాడుతున్నాయి.

సంగతి ఇదీ. నదికి ఈవలి ఒడ్డున శోణపురం, ఆవలి ఒడ్డున కుసుమావళి. కుసుమావళి రాజు స్నేహంగా శోణపురం రాజు ప్రచండకేతు చిత్రపటం గీయించి పంపాడు. పటంలో మీసం బెత్తెడు తగ్గిందట! అంతే, యుద్ధభేరి మోగింది. కుసుమావళి రాయబారి రాత్రికి రాత్రే మూట కట్టుకుని పడవెక్కాడు. రాయబారులకు పడవలు దొరుకుతాయి. కోట తెరలకు పూలు అద్దడానికి వచ్చిన పద్దెనిమిదిమంది అద్దకపు పనివాళ్లకు ఏ పడవా దొరకలేదు. వాళ్లను పట్టి ఏనుగుల సాలలో కట్టేశారు. మీసం రాజుది, మెడ పనివాళ్లది.

ఇట్లాంటి రోజులకోసమే తాతల నాడు మూడు దేశాలూ కలిసి ఒక ఒప్పందం చెక్కించుకున్నాయి. రెండు రాజ్యాలకు చెడితే, వెళ్లిపోయినవాడి విడిదినీ మనుషులనూ నడిలంకవాళ్లు చూడాలి. ఆ విడిదిలో పొయ్యి వెలుగుతున్నన్నాళ్లూ అది వెళ్లిపోయినవాడి నేలే, వాడి మనుషుల మీద చెయ్యి పడకూడదు. చూసేవాళ్ల ఏమరపాటున పొయ్యి ఆరితే ఆ క్షణంతో రక్షణ సరి. ఆ రాయి ఇప్పటికీ శోణపురం సభలోనే ఉంది. రాజగురువు, మహామాంత్రికుడు ధూమ్రజిహ్వుడు రోజూ దానికే వీపు ఆనించి కునుకు తీస్తాడు. ముప్పై ఏళ్లుగా ఆనుకున్నాడుగానీ ఒక్కనాడూ వెనక్కి తిరిగి చదవలేదు.

నూకాలు సభలోకి వచ్చింది. నీలం కండువా తీసి పసుపు కండువా వేసుకుంది. గొంతు సవరించుకుని, కుసుమావళి రాజు దగ్గర నేర్చుకొచ్చిన మాటలు ఒక్క ఊపున ఒప్పజెప్పింది.

“ఓరీ ప్రచండకేతూ! నీ మీసమును మా చిత్రకారుడు కురచగా లిఖించెనని వగచుచున్నావట! అతడు కొలబద్ద పెట్టి లిఖించెను. తప్పు కుంచెది కాదు, పెంచినవానిది. మా పదునెనిమిది మందిని తక్షణము విడువుము. లేనిచో నీ కోటను దున్ని ఆవాలు చల్లింతును!”

రెండువందల కత్తులు ఒకేసారి ఒరలోంచి లేచాయి. రాజు కళ్లు నిప్పులైపోయాయి.

నూకాలు తాపీగా పసుపు కండువా తీసి, మడత చెదరకుండా చంకలో పెట్టుకుని, నీలం వేసుకుంది.

“దండాలు బాబూ. ఇందాకటిది ఆరి మాట. ఇది నా మాట. ఎండన పడొచ్చాను, కాసింత మజ్జిగ ఇప్పిత్తారేటి?”

ఎవరో కిసుక్కుమన్నారు. కత్తులు ఎత్తినవాళ్లకు దించాలో వద్దో తెలియలేదు. నీలం కండువాను కొట్టడానికి వీల్లేదు. పసుపు కండువా అప్పటికే చంకలో ఉంది.

“ఓసీ పడవదానా!” రాజు సింహాసనం దిగ్గున దిగాడు. “పోయి ఆ గాడిదతో చెప్పు. వాడు గాడిద, వాడి చిత్రకారుడు గాడిద, వాడి కుంచె గాడిద వెంట్రుకలది!”

“కాస్తాగండి బాబూ.” నూకాలు వేళ్లు ముడిచింది. “గాడిద మూడుపాల్లన్నారు. వెంట్రుకలతో సహా కదా? ఆవలొడ్డున మీ విడిది సూసే మా అప్ప మీ ఎర్ర కండువా ఏసుకుని సెప్పాల. ఒక్క మాట తగ్గకూడదు, ఒక్కటి పెరక్కూడదు.”

“మూడే!” అని అరిచాడు రాజు. అరిచాక తిట్లు లెక్క చెప్పుకున్నందుకు తనకే సిగ్గేసి కూర్చున్నాడు.

నూకాలు మజ్జిగ తాగి మెట్లు దిగిపోయింది. ఆమె మలుపు తిరగగానే ధూమ్రజిహ్వుడు రాజు చెవిలో చేరాడు. మాట్లాడితే ముక్కులోంచి పొగ వచ్చే మనిషి.

“ప్రభూ, ఆ పొయ్యి ఆరిందంటే చాలు, మిగతాది ఏనుగులు చూసుకుంటాయి. ఆర్పే పని నాది.”

మొదట సుడిగాలిని పిలిచాడు. అది రథాలంత ఎత్తు లేచి, గర్జిస్తూ వచ్చి, విడిది గడప దగ్గర ఆగిపోయింది. గడప అవతల పరాయి దేశం. శోణపురం మంత్రం అక్కడ చెల్లదు. వచ్చినందుకు వీధంతా శుభ్రంగా ఊడ్చి వెళ్లిపోయింది. తర్వాత కారుమబ్బును పంపాడు. ఊరంతా మోకాలి లోతు వాన. విడిది కప్పు మీద మాత్రం పిచ్చుకలు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి.

ఇక మిగిలింది ఒక్కటే దారి. మనిషిగా గడప దాటడం, చేత్తో ఆర్పడం. నడిలంకవాళ్లే ఏమరపాటు పడ్డారని లోకం అనుకుంటుంది. మాంత్రికుడు కోరిన రూపమిచ్చే కామరూప గుళికలు రెండు తీశాడు. అవి మంత్రం కాదు, మూలికల మందు, గడప దాటినా పనిచేస్తాయి. ఒకటి జుట్టుముడిలో దాచాడు. రెండోది ఎడమ దవడలో పెట్టుకున్నాడు, అది నోట్లో ఉన్నంతసేపే మారురూపం. నల్లపట్టు కాషాయమైంది, పుర్రెల దండ తులసిపూసలైంది, బొడ్డు దాకా వెండి గడ్డం దిగింది.

విడిదిలో నూకాలు చిన్నాన్న దాలయ్య పొయ్యి ముందు చెమటలు కక్కుతున్నాడు. అరవై ఏళ్లు చుక్కాని పట్టిన మనిషికి ఇప్పుడు గరిటె పట్టించారు. పైగా ఒప్పందం ప్రకారం పరాయి వంటే వండాలి. రాయబారి పోతూ పోతూ తాటాకు మీద నాలుగు ముక్కలు గీకి పడేశాడు: అన్నము వండవలెను, పప్పు వండవలెను, కొరివికారము వడ్డించవలెను. ఎంత వడ్డించాలో రాయలేదు. కుసుమావళిలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు, కొరివికారం అంటే పండుమిరపకాయలు చింతపండుతో నూరిన నిప్పు అని, గోటి కొనంత చాలని. నడిలంకలో ఉప్పూ చేపా తప్ప మరో రుచి ఎరగరు. దాలయ్య దాన్ని కూర అనుకున్నాడు. జాడీలో గరిటె పెట్టుకున్నాడు.

“జై శంభో!” అంటూ గడపలో నిలబడ్డాడు ముసలి సాధువు.

“రండి సామీ రండి. కాళ్లు కడుక్కోండి,” అని ఎదురొచ్చింది నూకాలు.

నడిలంకలో ఒక కట్టుబాటుంది. పడవెక్కేవాణ్ణి పేరు అడగరు. దిగేటప్పుడే అడుగుతారు. ముందే అడిగితే, పేరును బట్టి ఎక్కించుకోబుద్ధేస్తుంది, దించేయబుద్ధేస్తుంది. ఇంటికొచ్చినవాడికీ అదే లెక్క, తిన్నాకే పేరు. మాంత్రికుడికి ఈ సంగతి తెలుసు. లోలోపల నవ్వుకుంటూ పొయ్యికి మూరెడు దూరంలో ఆకు ముందు కూర్చున్నాడు. పక్కనే నీళ్లకుండ. వీళ్ల చూపు మళ్లితే చాలు, ఇంకేం కావాలి?

“తిన్నాకే లేవాల సామీ. తినకుండా లేత్తే మా సిన్నాన్న ఏడుత్తాడు,” అంది నూకాలు.

దాలయ్య అన్నం పెట్టాడు, పప్పు పోశాడు, కొరివికారం గరిటె నిండా తీసి అన్నం నడుమ గుమ్మరించాడు. కాస్త ఆలోచించి, సాధువు కదా, పుణ్యమొస్తుందని ఇంకో గరిటె వేశాడు.

సాధువు పెద్ద ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నాడు.

మొదట ఏమీ కాలేదు. తర్వాత కుడికన్ను నీళ్లు కార్చింది. ఎడమకన్ను దాన్ని చూసి నేర్చుకుంది. చెవులు కుంకుమ పూసినట్టయ్యాయి. అలవాటుగా ముక్కులోంచి వచ్చే పొగ, ఈసారి చెవుల్లోంచి వచ్చింది.

“రుసి బాగున్నాదా సామీ?” దాలయ్య ఆశగా వంగాడు.

“హా... హా... బా...” సాధువు దవడ అదిరింది. “హాఛ్ఛ్!”

తుమ్ముకు గుళిక ఎగిరి ఠంగున పొయ్యిలో పడింది. మంట పచ్చగా, ఊదాగా, నెమలికంఠం రంగుగా లేచింది. వెండి గడ్డం సర్రున లోపలికి దూరిపోయింది, తులసిపూసలు టపటపా పుర్రెలయ్యాయి.

“ఓలమ్మో! గురువుగోరు!” అని దాలయ్య గరిటె వదిలేశాడు.

ధూమ్రజిహ్వుడు కుండ ఎత్తాడు. కుండలో ఉన్నవి నోటికో పొయ్యికో ఒక్కదానికే చాలినన్ని నీళ్లు. పొయ్యి మండుతోంది, నోరు మండుతోంది. ఒక్క రెప్పపాటు కుండనూ పొయ్యినీ మార్చి మార్చి చూశాడు. ఆ ఒక్క సంగతిలో అతణ్ణి మెచ్చుకోవాలి. నీళ్లు పొయ్యిలోనే కుమ్మరించాడు. నాలుక బయటపెట్టుకుని, రెండు చేతులతో విసురుకుంటూ వీధిన పడి పరుగెత్తాడు.

పొయ్యి సుయ్యిమని ఆరిపోయింది.

కోట బురుజు మీద కాపలావాడు విడిది పొగగూటినే చూస్తూ ఉంటాడు. పొగ ఆగింది. భేరి మోగింది. ఏనుగుల సాల తలుపులు కిర్రుమన్నాయి.

“అమ్మీ, నానే సంపేసినాను! ఆల్లనందర్నీ నానే సంపేసినాను!” దాలయ్య నెత్తి బాదుకున్నాడు.

“ఏడుపు తర్వాత సిన్నాన్నా! ఆడు తిన్నాడా లేదా? అది సెప్పు!”

“ముద్ద మింగీసినాడే!”

“ఆ ఆకు తీయకు. ఎవడొచ్చినా తీయనీకు!” అంటూనే నూకాలు గోడకు ఆనించిన పడవ గెడ అందుకుంది. రెండు నిలువుల వెదురు గెడ.

వీధి మొగలో ఎనిమిదిమంది ఈటెలవాళ్లు అడ్డం నిలిచారు. ఆమె గెడ అడ్డంగా పట్టి పరుగు తీసింది. ఎనిమిదిమందీ ఒకరి మీద ఒకరు పేర్చిన పిడకల్లా పడ్డారు. కోట తలుపులు మూస్తున్నారు. తలుపు ముందు మొసళ్ల కందకం, వంతెన అప్పటికే సగం పైకి లేచింది. నూకాలు ఆగలేదు. గెడ కొన కందకంలో పొడిచింది. కొన దిగబడింది మట్టిలో కాదు, నిద్రపోతున్న మొసలి వీపున. మొసలి కోపంతో పైకి లేచింది. గెడ విల్లులా వంగి విసిరింది. నూకాలు గాలిలో ఒక పల్టీ కొట్టి, వంతెన అంచు తాకి, జారుడుబండ మీద జారినట్టు కోటలో పడింది. నూటొక్క మెట్లు ఈసారి మూడేసి చొప్పున ఎక్కింది.

సభలో ధూమ్రజిహ్వుడు మజ్జిగ కడవలో తల పెట్టి ఉన్నాడు. పద్దెనిమిదిమందిని వాకిట వరుసగా నిలబెట్టారు. అందరికంటే పెద్దది చాయమ్మ, మోచేతుల దాకా నీలిమందు రంగు దిగిపోయిన ముసలామె. ఎదురుగా ఏనుగు తొండం ఎత్తింది.

“పొయ్యి ఆరింది! ఒప్పందం ప్రకారమే!” రాజు చెయ్యి ఎత్తాడు.

“ఒప్పందం పెకారమే ఆపండి బాబూ!” నూకాలు రొప్పుతూ పసుపు కండువా వేసుకుంది. “ఆర్పింది ఎవరు?”

“ఎవడో సాధువు. మీరే ఏమరపాటు పడ్డారు!”

“సాధువు కాదు, మీ గురువుగోరు. నాలిక సూపించమనండి.”

కడవలోంచి లేచిన నోరు చూసి సభ మొత్తం గొల్లుమంది. దానిమ్మపువ్వు కూడా అంత ఎర్రగా ఉండదు.

“ఆ రాయి సదివించండి బాబూ. నాకు సదువు రాదు, బట్టీ వొచ్చు. మూడో వరస.”

మంత్రి రాయి దగ్గరికి వెళ్లాడు. ముప్పై ఏళ్ల వీపు రాపిడికి ఆ వరస అద్దంలా మెరుస్తోంది. “విడిది ఉన్న రాజ్యపు మనిషే పొయ్యి ఆర్పినచో, పన్నెండేళ్లు నడిలంక పడవ ఆ ఒడ్డు తాకదు.”

సభలో నవ్వు చప్పున ఆగింది. పడవ రాకపోతే ఉప్పు రాదు, మిరియం రాదు, రాజుగారి మీసానికి రాసే సంపెంగ నూనె రాదు.

“ఇప్పుడు నాలుగో వరస,” అంది నూకాలు.

“ఆ పొయ్యిన వండినది తిన్నవాడు, ఆవలి ఒడ్డున దిగువరకు, ఆ రాజ్యపు మనిషే.”

నూకాలు పసుపు తీసింది, నీలం వేసుకుంది. గొంతు తగ్గించింది.

“బాబూ, నా మాటగా సెప్తాను, కోపం తెచ్చుకోకండి. గురువుగోరు మీ మనిషంటారా, పన్నెండేళ్లు సప్పిడి కూడు తింటారు. కుసుమావళి మనిషంటారా, అయితే ఇంటోడే ఇంటి పొయ్యి ఆర్పుకున్నాడు. అందులో మీ తప్పూ లేదు, మా తప్పూ లేదు. మల్లీ ఎలిగించుకుంటాం. ఆడి ఎంగిలాకు అక్కడే ఉంది, ఎవుర్నైనా పంపి సూసుకోండి. మీ మనిషో, ఆరి మనిషో, మీరే సెప్పండి.”

రాజు గురువును చూశాడు. తర్వాత మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. సంపెంగ నూనె వాసన గుప్పున వచ్చింది.

“ఇతడెవడో మాకు తెలియదు,” అన్నాడు ప్రచండకేతు.

“ప్రభూ! ముప్పై ఏళ్ల కొలువు!” మాంత్రికుడు కెవ్వుమన్నాడు.

“కుసుమావళివాడా, నోర్ముయ్! ఓ పడవదానా, మీ గోల పడలేకున్నాను. నీ పడవలో పంతొమ్మిదిమందినీ ఎక్కించుకుపో. పొద్దు గుంకేలోగా పంతొమ్మిది తలలూ ఆవలి ఒడ్డున దిగాలి. ఒక్క తల తగ్గినా మాట తప్పింది నువ్వు. నా వేటపడవలు వెంటే వస్తాయి, విలుకాళ్లు మిగతా పద్దెనిమిదినీ నీళ్లలోనే తేలుస్తారు!”

ఎండ వాలుతుండగా పడవ కదిలింది. భైరవి నది కరిగిన ఇత్తడి పోసినట్టు మెరుస్తోంది. దూరాన కుసుమావళి ఒడ్డు, పసుపు తోటలు, గాలిపటాల్లా ఎగిరే కొంగలు. అద్దకపువాళ్లు పాట ఎత్తుకున్నారు. దాలయ్య చుక్కాని పట్టాడు. చేతికి గరిటె కాక చుక్కాని తగిలేసరికి ముఖం పెళ్లికొడుకులా వెలిగింది. వెనక వందమంది విలుకాళ్లతో నాలుగు వేటపడవలు.

మాంత్రికుడు పడవ ముక్కు దగ్గర ఓ మూల కూర్చున్నాడు.

“పిల్లా, కొరివికారం ఎంత పెట్టాలో మమ్మల్ని కదా అడగాలి,” అంది చాయమ్మ నవ్వుతూ.

“అడిగుంటే నువ్విప్పుడు ఏనుగు కాలికింద పచ్చడయ్యేదానివి అప్పా,” అంది నూకాలు.

పడవంతా నవ్వింది. ధూమ్రజిహ్వుడు నవ్వలేదు. పడవ సరిగ్గా నడినదికి వచ్చింది. అతను లేచి నిలబడ్డాడు. జుట్టుముడి విప్పాడు.

“పంతొమ్మిది తలలు అప్పజెప్పాలి కదూ, పడవదానా? పద్దెనిమిది అప్పజెప్పుకో!”

రెండో గుళిక దవడలో నొక్కుకుని నదిలో దూకేశాడు.

“పట్టవే! ఆడు సచ్చినా మనం సచ్చినట్టే!” దాలయ్య కేక పెట్టాడు.

నూకాలు అప్పటికే గాలిలో ఉంది. పడబోతూ రెండు కండువాలూ చాయమ్మ ఒళ్లోకి విసిరింది. నీళ్లలో అతని జుట్టు చిక్కింది. పట్టింది. లాగింది. చేతిలో జుట్టు జారింది, జారి జిగటైంది, జిగట తోకైంది. చెంపకు ఛెళ్లున ఒక దెబ్బ. చూస్తే ఎదురుగా బారెడు వాలుగ చేప. అది రివ్వున పోయి పెద్ద గుంపులో కలిసిపోయింది. వెయ్యి వాలుగలు. అన్నీ ఒకటే పోలిక.

నూకాలు పైకి తేలి ఊపిరి పీల్చుకుంది. వెనక వేటపడవల మీద విలుకాళ్లు తలలు లెక్కపెడుతున్నారు. పదహారు, పదిహేడు, పద్దెనిమిది. వందమంది బాణాలు సంధించారు. పడమట పొద్దు నీటికి జానెడు ఎత్తున ఉంది.

“బాణాలు దించండి!” అని అరిచింది నూకాలు. “పొద్దింకా గుంకలేదు! మీ రాజుగారి గడువు నా సేతిలోనే ఉన్నాది!”

మళ్లీ మునిగింది. కళ్లు తెరిచి చూసింది. తొమ్మిదివందల తొంభైతొమ్మిది చేపలు నోళ్లు మూసుకుని మర్యాదగా ఈదుతున్నాయి. ఒక్కటి మాత్రం ఎర్రటి మూతి బార్లా తెరిచి, నీళ్లు తాగుతోంది, ఉమ్ముతోంది, మళ్లీ తాగుతోంది.

నూకాలు నీళ్ల మీదికి తల పెట్టి పకపకా నవ్వింది. యుద్ధాలు ఎట్లా ఆపాలో నడిలంకవాళ్లకు రాయి చెప్పాలి. చేపను ఎట్లా పట్టాలో ఏ రాయీ చెప్పనక్కర్లేదు.

“సిన్నాన్నా! ఏడుపాపి, వల ఇసురు!”